అరవై చుట్లు

"పార ఇలా ఇయ్యి రోజారా. గోడ కూలుతుంది."

"కూలనీ."

మా తమ్ముడు మతౌష్ ఆ మాట అనడం అది నాలుగోసారి. మా మరదలు "కూలనీ" అనడమూ నాలుగోసారే. నేను పాలు పితికి ఇంటి వెనక్కి వచ్చేసరికి రోజారా ఉత్తరపు గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కిటికీ కింద ఇటుకల్లా పేర్చిన వరసలో ఒక పచ్చికపెళ్లను పార అంచుతో చుట్టూ కోసి, రెండు చేతులా బయటికి లాగుతోంది. పురిట్లో మంత్రసానికి ఉండే ఓర్పు ఉంది ఆ చేతుల్లో. అరుపు లేదు, ఏడుపు లేదు. నాకు భయం వేసింది అందుకే.

"పొద్దున్నే గోడలు తవ్వడమేమిటే? ఎలకలు గాని దూరాయా?" అన్నాను.

 ఆమె పెళ్లను ఒళ్లో పెట్టుకుని నా వైపు తిప్పింది.

నల్లమట్టి, ఎండిన గడ్డివేళ్లు. వాటి మధ్యలోంచి నున్నగా, పచ్చగా నాలుగు జతల ఆకులు. చివర ఒకే ఒక్క నీలిపువ్వు.

బార్వినెక్ తీగ.

నా చేతిలోని పాలబాల్చీ కింద పెట్టేశాను. పెట్టకపోతే పడేసేదాన్ని.

ఈ నెబ్రాస్కా మైదానంలో ఎన్ని రోజులు నడిచినా బార్వినెక్ కనిపించదు. మా బొహీమియాలో సమాధుల మీద పాకే తీగ అది. రోజారా దాన్ని వాళ్లమ్మ సమాధి మీంచి వేళ్లతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టి, ఓడలో ఏడు వారాలు తన వాటా తాగేనీళ్లతో తడుపుకుంటూ తెచ్చింది. మూడేళ్ల కిందట శీతాకాలం ముందు గొంతువాపు వచ్చి కూతురు అనెష్కా పోయినప్పుడు, కుండీలో ఉన్నదంతా పెళ్లగించి ఆ పిల్ల మీద నాటింది. ఒక్క రెమ్మ కూడా ఇంటి దగ్గర ఉంచుకోలేదు. అనెష్కాకి అప్పుడు నాలుగేళ్లు.

"ఇది ఎక్కడ కోశావు మతౌష్?" అని అడిగింది రోజారా.

"ఎక్కడ కోశానంటే... పచ్చిక దట్టంగా ఉన్నచోట కోశాను. అందరూ కోసినట్టే."

"ఎక్కడ?"

"అనెష్కా దిబ్బకి చాలా అవతల. ప్రమాణం చేసి చెబుతున్నా, దిబ్బ జోలికి నేను పోలేదు. సొంత బిడ్డ మీద నాగలి పెడతానా?"

"నువ్వు దాని దుప్పటి లాగేసి ఇంటికి గోడ కట్టావు."

 మా తమ్ముడు మనిషి ఏనుగంత ఉంటాడు గాని మాటల దగ్గర మరీ నీళ్లు నమిలే రకం. చెట్టూ రాయీ లేని చోట ఇల్లంటే నేలను నాగలితో పట్టీలుగా కోసి, ఆ పట్టీలను ముక్కలు చేసి, గడ్డివైపు కిందికి పెట్టి పేర్చడమే. నిరుడు ఏప్రిల్లో మూడువేల పెళ్లలు కోశాడు వాడు. ఆరువారాలు నడుం ఎత్తలేదు. ఏ పెళ్ల ఎక్కడిదో వాడికేం తెలుస్తుంది?

"దిబ్బ మీద నాటిన తీగ గోడలోకి ఎలా వచ్చింది?" అంది రోజారా. "గాలికి ఎగిరి వచ్చిందా?"

"నాకు తెలీదు."

"అది గోడలో ఉంటే, దిబ్బలో ఎవరున్నారు?"

 గాలి ఆ గోడ కన్నంలోంచి ఇంట్లోకి దూరి, ఎవరో కుండలోకి ఊదినట్టు సన్నగా మోగింది.

ఆ ప్రశ్న ఏ రోజు అడిగినా గుండె ఆగేదే. కానీ అది శుక్రవారం. తెల్లవారితే శనివారం, తవ్వే రోజు. మా వాళ్లం ఆరిళ్ల వాళ్లం ఎవరి పొలంలో పాతిపెట్టుకున్న వాళ్లను వాళ్లు తీసి, కొత్త చర్చి పక్క నేలకి చేర్చాలి. ఆదివారం ఫాదర్ వచ్చి ఆ నేలను దీవిస్తాడు, పేరు పేరునా ప్రార్థన చదువుతాడు. ఆయన మళ్లీ బండి కట్టుకుని ఇటు వచ్చేది ఏడాదికి. అప్పటిదాకా అనెష్కా ఎక్కడో తెలియని నేలలో, మంత్రజలం చుక్క తగలకుండా ఉండాలన్నమాట. రోజారా ఈ ఆదివారం కోసం చలికాలం నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటోంది.

"ఇంకొక్కటి కూడా లాగకు," అన్నాడు మతౌష్ చివరికి. "నడిదూలం ఈ గోడ మీదే ఆనింది. వచ్చే నెల సాక్షులు వస్తారు. ఇల్లుంది, కిటికీ ఉంది, ఐదేళ్లు కాపురమున్నారు అని వాళ్లు ప్రమాణం చేస్తేనే సర్కారు లెక్కలో ఈ నేల మనది. కిటికీ కింద గుంట చూస్తే ఏమంటారు?"

"ఏమైనా అననీ. వాళ్లకి పిల్లలున్నారేమో అడుగు."

పెళ్లను పసిపిల్లని ఎత్తుకున్నట్టు భుజానికి ఆన్చుకుని ఆమె లోపలికి వెళ్లిపోయింది. మట్టి ఆమె జాకెట్టు మీద రాలుతోంది. దులుపుకోలేదు.

*

బార్లీ కాఫీ కాచాను. రై రొట్టె కోశాను. ఎవరూ తినలేదు, నేను తప్ప. కష్టం వచ్చిందంటే నాకు ఆకలి ఎక్కువవుతుంది. నా మొగుడు పోయిన రోజున కూడా తిన్నాను, మా అత్తగారు పదేళ్లు దెప్పింది.

రోజారా ఆ పెళ్లను అనెష్కా కూర్చునే పొట్టి పీట మీద పెట్టి, గిన్నెతో నీళ్లు తెచ్చి వేళ్లతో చిలకరించింది.

"వదినా," అంది నా వైపు తిరక్కుండా. "చలికాలం నేనేం చెప్పానో గుర్తుందా?"

గుర్తుంది. గుర్తు లేకపోతే బాగుండునని అప్పుడే అనుకున్నాను. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి వారం నుంచీ ఆమె ఆ ఉత్తరపు గోడ పక్కనే మంచం వేయించుకుంది. ఇంట్లో అన్నిటికంటే చలిగోడ అది. పొయ్యి దగ్గర పడుకోమంటే వినలేదు. "ఈ గోడ పక్కన నిద్ర పడుతోంది వదినా," అనేది. గోడ మీద అరచెయ్యి పెట్టుకుని పడుకునేది. ఒకరోజైతే, గోడ పిల్ల తల వాసన వేస్తోందంది. స్నానం చేయించి ఆరబెట్టిన తల వాసన.

నేను నవ్వాను. "పాములూ ఎలకలూ తిరిగే గోడ అది, ఏ వాసనో చూసుకో," అన్నాను.

"గుర్తుంది," అన్నాను ఇప్పుడు.

"నువ్వు నవ్వావు."

"నవ్వాను."

ఆమె లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మతౌష్ గుమ్మంలో నిలబడి టోపీ అంచు నలుపుకుంటున్నాడు.

"రెండేళ్ల నుంచీ ప్రతి ఆదివారం ఆ దిబ్బ దగ్గర కూర్చున్నాను. నాకు ఏమీ అనిపించలేదు. మట్టి దగ్గర కూర్చున్నట్టే ఉండేది. ఒక్కసారి కూడా అక్కడ ఏడుపు రాలేదు. ఇంటికొస్తుంటే దారిలో నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కన్నబిడ్డని మర్చిపోయాను, నా మనసు బండబారిపోయింది, నేను తల్లినే కాను అనుకున్నాను. ఆ పాపం ఫాదర్‌కి కూడా చెప్పుకున్నాను. ఆయన నాకు ప్రాయశ్చిత్తం కూడా వేశాడు." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "అక్కడ అది లేదు కాబట్టి ఏడుపు రాలేదు. అంతే కదా? అంతేనని ఒక్కరు చెప్పండి నాకు."

మతౌష్ ఒక అడుగు ముందుకి వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వాడు ఆగిపోయాడు.

ఆ సమయానికే హుబాచెక్ తాత వచ్చాడు. ఆయన ఎప్పుడూ అంతే, పిడుగు పడ్డ ఇంట్లోకి దీపం అడగడానికి వచ్చినట్టు వస్తాడు. భుజం మీద పెట్టె. డెబ్బై ఏళ్ల ముసలాయన, ఊళ్లో పోయినవాళ్లందరికీ కొత్త పెట్టెలు ఆయనే చేస్తున్నాడు.

"ఇదిగో మన అనెష్కమ్మ బండి," అని పెట్టెను బల్ల మీద దింపాడు. "అక్రోటు చెక్క. మా ముసలిదాని బీరువా పగలగొట్టి చేశాను. పైనుంచి తిడుతూ ఉంటుంది, తిట్టనీ. బతికున్నప్పుడు మాత్రం ఊరుకుందా?" ఎవరూ నవ్వకపోయేసరికి మా మొహాలు చూశాడు. ఆ తర్వాత పీట మీది నీలిపువ్వును చూశాడు. "అయ్యో, బార్వినెక్ బతికిందా? మంటల్లో మాడిపోయిందన్నారే?"

అందరం అదే అనుకున్నాం. పిల్ల పోయిన మరుసటి ఏడు శరత్కాలంలో గడ్డిమంటలు వచ్చి మైదానమంతా తుడిచిపెట్టేశాయి. చెక్క శిలువ బూడిదైంది. నేలంతా ఒకటే నలుపు. సమాధి ఎక్కడుందో కంటికి ఆనవాలు లేదు. ప్రార్థన పుస్తకంలో రాసుకున్న కొలతే దిక్కయింది: గట్టు తొలిచి మేం మొదట కాపురమున్న పాత గుహ ఇంటి గుమ్మం నుంచి రెండు గుట్టల సందు వైపు, బండిచక్రం అరవై చుట్లు. ఇక్కడ దూరం కొలవడమంటే అదే. చక్రానికి గుడ్డ కట్టి, గుడ్డ ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టుకోవడం. మంటల తర్వాత మళ్లీ కొలిచి, అరవయ్యో చుట్టు దగ్గర మట్టి పోగుచేసి దిబ్బ కట్టాం. రోజారా అప్పుడు జ్వరంతో మంచం మీద ఉంది.

"గోడలో బతికింది తాతా," అంది రోజారా. "దిబ్బ దగ్గర కాదు."

"అదెలా? లెక్క తప్పే ప్రశ్న లేదు. పాతిపెట్టిన రోజున లెక్కపెట్టింది నేనే కదా. వెనకచక్రం పక్కనే నడుస్తూ గట్టిగా పైకి లెక్కపెట్టాను, అరవై అంటే అరవయ్యే. ముసలాణ్ణయినా లెక్కలో..."

తర్వాత ఆయన ఏమన్నాడో నాకు వినిపించలేదు.

వెనకచక్రం.

బండికి వెనకచక్రాలు పెద్దవి, ముందువి చిన్నవి. చిన్నచక్రం అరవై చుట్లు తిరిగినా పెద్దది పోయినంత దూరం పోదు, చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. మంటల తర్వాత కొలిచిన రోజున బూడిద లేస్తోంది, కళ్లు మండుతున్నాయి. మతౌష్ ఎద్దుల ముందు నడుస్తున్నాడు. లెక్కపెట్టడానికి బండి మీద కూర్చున్నది నేను. గుడ్డ కట్టింది నేను. వెనకచక్రానికి కడితే అరవైసార్లు మెడ తిప్పి చూడాలి. అందుకని ముందుచక్రానికి కట్టాను. మెడనొప్పి తప్పుతుందని. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

రోజారా కళ్లు మెల్లగా మొగుడి మీదికి తిరిగాయి.

"మంటల తర్వాత నువ్వు కొలిచినప్పుడు గుడ్డ ఏ చక్రానికి కట్టావు?"

వాడు నా వైపు చూశాడు. నేను రొట్టె ముక్క చేత్తో పట్టుకుని, మింగలేక కక్కలేక కూర్చున్నాను. నోరు తెరవాల్సింది నేను. ఆ క్షణాన్ని నేను ఎన్నో రాత్రులు మళ్లీ మళ్లీ నడిచి చూశాను, ప్రతిసారీ నోరు తెరుస్తాను. ఆ రోజు మాత్రం తెరవలేదు. మొగుడు పోయి, తమ్ముడి పంచన చేరి, మరదలు పెట్టింది తినే మనిషికి నోరు ఎంత బరువో తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

"ముందుచక్రానికి," అన్నాడు మతౌష్. "నేనే కట్టాను."

"నువ్వే."

"నేనే."

"నన్ను ఎందుకు అడగలేదు?"

"నీకు ఒళ్లు కాలిపోతోంది అప్పుడు..."

"నోరు కాలిపోయిందా? దాన్ని తీసుకెళ్లిన రోజున బండి వెనక నడిచింది నేను. ఆకాశం చూళ్లేదు, మీ మొహాలు చూళ్లేదు, ఆ గుడ్డనే చూశాను. అది దాని నీలంగౌను పేలిక. అరవైసార్లు పైకి వచ్చింది, అరవైసార్లు కిందికి పోయింది. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని ఏ చక్రమో. ఒక్క మాట అడిగి ఉంటే!"

హుబాచెక్ తాత పెట్టె మూతను ఊరికే తుడవడం మొదలుపెట్టాడు.

"తప్పయిపోయింది," అన్నాడు మతౌష్.

"తప్పా?" అంది రోజారా. చాలాసేపు వాణ్ణి చూసింది. ఆ చూపులో పెళ్లయిన తొమ్మిదేళ్లూ ఒక్కొక్కటే తెగిపోవడం నాకు కనిపించింది. "అది దొరక్కపోతే మతౌష్, ఈ నేల నువ్వే ఉంచుకో. ఫాదర్ బండిలో నేను వెళ్లిపోతాను."

*

మిట్టమధ్యాహ్నం ఎద్దుల్ని కట్టాం. పాత గుహ ఇంటి గుమ్మం ఇంకా ఉంది, ఇప్పుడు ఆవుల్ని కడుతున్నాం అందులో. వెనకచక్రాన్ని సరిగ్గా గుమ్మం కంబానికి ఎదురుగా తెచ్చి ఆపాడు మతౌష్. ఎదురుగా మైదానం, ఆ చివర రెండు గుట్టలు, వాటి సందులో తెల్లటి ఆకాశం.

రోజారా తన తలగుడ్డ అంచు చింపి నా చేతికిచ్చింది.

"నువ్వు కట్టు వదినా. అతని ముడి మీద నాకు నమ్మకం లేదు."

నన్ను నమ్మి ఇచ్చింది. నమ్మకుండానే ఇచ్చిందేమో కూడా. వెనకచక్రం కమ్మీకి గుడ్డ చుట్టి ముడి వేశాను. రెండో ముడి కూడా వేశాను, అవసరం లేకపోయినా.

"లెక్క కూడా నువ్వే పెట్టు. పైకే పెట్టు. నాకు వినపడాలి."

బండి కదిలింది. ఆ రోజు లాగే ఆమె బండి వెనక నడిచింది, గోడలోంచి తీసిన పెళ్లను రెండు చేతుల్లో పట్టుకుని. హుబాచెక్ తాత ఇనుపకడ్డీ కర్రలా పొడుచుకుంటూ పక్కన నడుస్తున్నాడు. నేను చక్రం పక్కన.

ఒకటి. రెండు. మూడు.

గడ్డి మోకాలెత్తు పెరిగింది. మీదినుంచి గాలి పోతుంటే గడ్డంతా ఒకే వైపు వంగి మళ్లీ లేస్తోంది. పదిహేను. పదహారు.  ఇరుసు కిర్రుమంటోంది. ముప్ఫై దాటాక నా గొంతు నాదిలా లేదు. ఎవరో నా వెనక ఒక అడుగు దూరంలో నాతోపాటు లెక్కపెడుతున్నట్టు ఉంది, కొత్తగా అంకెలు నేర్చుకున్న గొంతుతో. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే రోజారా మాత్రమే ఉంటుందని నాకు తెలుసు.

నలభై ఆరు. నలభై ఏడు. నలభై ఎనిమిది.

నలభై తొమ్మిది దగ్గర దిబ్బ వచ్చింది. మా దిబ్బ. రెండేళ్లుగా రోజారా కూర్చుని కూర్చుని ఒక పక్క గడ్డి మొలవడం మానేసిన దిబ్బ. ఆమె దానివైపు తల కూడా తిప్పలేదు.

నా కాళ్లు ఆగిపోయాయి.

"కట్టింది నేను," అన్నాను.

మతౌష్ ఎద్దుల్ని ఆపాడు. "అక్కా, ఊరుకో."

"నువ్వు ఊరుకో. రోజారా, ముందుచక్రానికి గుడ్డ కట్టింది నేను. లెక్క పెట్టింది నేను. వాడు ఎద్దుల ముందున్నాడు, వెనక్కి చూడను కూడా లేదు. పొద్దున వాడు చెప్పింది అబద్ధం. నన్ను కాపాడ్డానికి చెప్పాడు. మెడ తిప్పడానికి బద్ధకించి కట్టాను. నీ కూతుర్ని పోగొట్టింది నా మెడ."

ఆమె నా మొహంలోకి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను, కొట్టినా సరేననుకున్నాను. చేతుల్లో ఉన్న పెళ్ల నా మీద విసిరినా బాగుండేది.

"ఎన్నయ్యాయి?" అంది.

"ఏమిటి?"

"చుట్లు. ఎన్నయ్యాయి?"

"నలభై తొమ్మిది."

"ఆపకు మరి."

యాభై. యాభై ఒకటి. ఏడుపు అంకెలకి అడ్డం పడుతోంది. యాభై నాలుగు దగ్గర గడ్డి అయిపోయింది. నిరుడు పెళ్లలు కోసిన బోడినేల మొదలైంది. కోసిన నేల ఊరికే ఎందుకని అదే వారం రోజారా దాని మీద గసగసాలు చల్లింది. బాగా కాశాయి. ఈ ఏడు కూడా చల్లింది, మొలకలు అప్పుడే వేలెడు లేచాయి. పోయిన క్రిస్మస్‌కి నిరుటి గసగసాలు నూరి కొలాచె రొట్టెల్లో పెట్టి కాల్చాం. "ఎంత తియ్యగా ఉన్నాయో చూడు వదినా," అని రోజారా మూడు తింది. ఆ మాట గుర్తొచ్చి నా నోట్లో చేదునీళ్లు ఊరాయి. ఎవరితోనూ అనలేదు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి చెప్పడం.

యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

అరవై.

గుడ్డ పైకి వచ్చి ఆగింది.

హుబాచెక్ తాత టోపీ తీసి, కడ్డీ నేలకి ఆన్చి రెండు చేతులా నొక్కాడు. మెత్తగా దిగింది. బయటికి లాగి ఒక అడుగు ఎడంగా నొక్కాడు. ఏమీ లేదు. మూడోసారి చక్రానికి ఇవతల నొక్కాడు. నడుమెత్తు కడ్డీ చాలామట్టుకు దిగాక లోపల టక్కుమంది.

రాయి చప్పుడు కాదది. ఈ నేలలో రాళ్లు లేవు.

మతౌష్ అలాగే కూలబడిపోయి, మొలకల్లో మొహం పెట్టి ఎద్దులు బెదిరేలా ఏడ్చాడు. రోజారా నిలబడే ఉంది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, ఆమెకి తెలుస్తున్నట్టు లేదు. రెండేళ్లు రాని ఏడుపు పిలవకుండానే వచ్చేసింది.

"చూశావా వదినా," అంది మెల్లగా. "వస్తోంది."

తర్వాత వంగి, చేతిలో పెళ్లను నీలిపువ్వు పైకి వచ్చేలా ఆ చోట పరిచింది. అంచులు నొక్కింది. పక్కన ఖాళీగా ఉన్న నేలను జానతో కొలిచింది.

"దీని మీంచి ఎన్ని పెళ్లలు వచ్చి ఉంటాయి మతౌష్?"

వాడు తల ఎత్తాడు. "అయిదు. అయిదుంటాయి."

"ఇది ఒకటి. మిగతా నాలుగూ?"

"రోజారా, రేపు ఎలాగూ తవ్వి తీస్తాం కదమ్మా," అన్నాడు హుబాచెక్ తాత. "దీవించిన నేలకి తీసుకెళ్తాం. ఇక్కడ కప్పినా ఒకటే, కప్పకపోయినా ఒకటే."

"అక్కడ కప్పుతాను. మా అమ్మ మీది తీగ అది. దానికి ఉన్న దుప్పటి అదొక్కటే. ఏడాది నుంచీ నేను కప్పుకున్నాను. ఇక దానిది దానికి ఇచ్చెయ్యాలి."

"మూడువేల పెళ్లల్లో ఏవని వెతుకుతావు?" మతౌష్ లేచి నిలబడ్డాడు. "ఇల్లంతా విప్పుతావా? వచ్చే నెల సాక్షులు..."

"వెతకక్కర్లేదు," అంది రోజారా. "ఒక పట్టీలో కోసినవి ఒకే బండిలో వస్తాయి, ఒకే చోట పడతాయి. నాకు తెలుసు ఎక్కడున్నాయో."

ఆమె ఇంటివైపు నడిచింది. పది అడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

"వదినా, పార నువ్వు తీసుకురా. అతనికిస్తే గోడ మీద జాలిపడతాడు."

*

లోపల చీకటిగా, చల్లగా ఉంది. రోజారా మంచాన్ని ఒక్కతే గోడ నుంచి లాగేసింది. గోడకి పూసిన సున్నం మీద, తలగడ ఎత్తున, అరచెయ్యంత చోట రంగు మాసి ఉంది. ఇన్నాళ్లూ నేను గమనించనేలేదు.

పైన నడిదూలం కొస సరిగ్గా దాని మీదే ఉంది. దూలం మీద కప్పు, కప్పు మీద ఇంకో బండెడు మట్టి. నేను దాన్ని చూశాను, ఆమె చూడలేదు.

గుమ్మంలో వెలుతురు ఆగింది. మతౌష్ వచ్చి నిలబడ్డాడు, భుజం మీద దొడ్లోంచి పీక్కొచ్చిన గుంజ. దూలం కింద ఊతం పెట్టడానికి తెచ్చాడో, మమ్మల్ని ఆపడానికి తెచ్చాడో వాడి మొహం చూస్తే తెలియలేదు. వాడికే తెలియదేమో. లోపలికి రాలేదు, వెళ్లనూ లేదు.

"ఎక్కడ మొదలుపెట్టను?" అని అడిగాను.

రోజారా ఆ మాసిన చోట అరచెయ్యి ఆన్చింది. కాసేపు అలాగే ఉంచింది. ఆ తర్వాత చెయ్యి తీసి నాకు చోటిచ్చింది.

నేను పార ఎత్తాను.

"మెల్లగా వదినా," అంది. "నిద్రలో ఉంటుంది."